లఘుచిత్రాభ్యాసం

విద్యారణ్యస్వామివారి పంచదశిలో, చిత్రదీప ప్రకరణంలో, పటానికి నాలుగు అవస్థలు నిరూపింపబడ్డాయి. ఉతికిన తెల్లని వస్త్రం ధౌతం. గంజి పట్టించినది ఘట్టితం. మసితో రేఖలు దిద్దినది లాంఛితం. వర్ణాలు పూసినది రంజితం. వేదాంత జిజ్ఞాసువుకు ఇది శుద్ధచైతన్యం మొదలు విరాట్టు వరకు గల క్రమాన్ని బోధించే దృష్టాంతం. తైలవర్ణ చిత్రకారునికి మాత్రం ఇది నిత్యకృత్యం. కాన్వాసుకు జిగురు పట్టించాలి, తెల్లని పూత వేయాలి, బొగ్గుతో రేఖలు గీయాలి, ఆ పిదపనే రంగు. అయితే అభ్యాసకులలో అధికులు రంజితం వద్దనే ప్రారంభించాలని త్వరపడతారు.

తైలవర్ణం ఆ త్వరను సహించదు. అవిసె నూనె నీటివలె ఆవిరై ఆరదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అడుగు పొరలో నూనె తక్కువగా, పై పొరలో ఎక్కువగా ఉండాలి. ఇది తారుమారైతే కాలక్రమాన పై పొర బీటలు వారుతుంది. ఈ మర్మాన్ని నేర్వడానికి మహాపటం అక్కరలేదు. జానెడు పలక మీద ఒక నిమ్మపండు, ఒక రాగిచెంబు, వాటి నీడ చాలు. ఆ చెంబునే పదిమార్లు, పది వెలుగులలో వేయాలి. వేదపాఠశాలలో సంహిత కంఠస్థమైన పిమ్మట కూడా పదం, క్రమం, జట, ఘనం అంటూ అవే పదాలను విడదీసి, ముందువెనుకలుగా కలిపి వల్లె వేయిస్తారు కదా!

ఆంగ్ల చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821, 1822 సంవత్సరాలలో లండన్ చెంతనున్న హ్యాంప్‌స్టెడ్‌లో కేవలం మేఘాలనే, చిన్నచిన్న కాగితాలపై తైలవర్ణాలతో, పదేపదే చిత్రించాడు. అనేక చిత్రాల వెనుక తేదీ, వేళ, గాలి వీచిన దిక్కు వ్రాసుకున్నాడు. మేఘం చిత్రకారుని కోసం నిలువదు. ఆ గడియలో పట్టుబడినదే పట్టుబడినట్లు. అవి ప్రదర్శనకు ఉద్దేశించినవి కావు. భార్య మరియా అస్వస్థత కారణంగానే ఆ కుటుంబం అక్కడ వేసవులు గడిపేది.

దీనిని నిష్కామకర్మ అనడం సాహసమే. కానిస్టబుల్ కీర్తిని కోరినవాడే. 1821లో రాయల్ అకాడమీలో ప్రదర్శించిన ‘ది హే వెయిన్’ అమ్ముడుపోలేదు, 1824లో పారిస్‌లో స్వర్ణపతకం పొందింది. అయినా మేఘం కింద కూర్చున్న ఆ ఘడియలో కీర్తి ఆయనకు ఏమి ఉపకరిస్తుంది? అక్కడ చూపు, చేయి, గాలి, ఇంతే. ఫలాపేక్ష మనస్సులో ఉండగానే, కర్మలో దానికి చోటు లేకపోవడం సాధకులందరూ గమనింపదగిన స్థితి.

1828లో మరియా క్షయవ్యాధితో మరణించింది. అకాడమీ పూర్తి సభ్యత్వం మరుసటి ఏడాది వచ్చింది. చిత్తు చిత్రాలు అనేకం ఇంటిలోనే ఉండిపోయాయి. 1888లో కుమార్తె ఇసబెల్ వాటిని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి సమర్పించింది.