బొంత కుట్టొద్దాం... మొగుడంపల్లి పోదాం!

సెలవులొస్తే కొండలకో, సముద్రానికో వెళ్లడం మామూలే. బీరువా అడుగున పడి ఉన్న పాత నూలు చీరలను సంచిలో వేసుకుని ఓ పల్లెకు బయల్దేరితే? నాలుగు రోజులు వేపచెట్టు నీడన కూర్చుని, ఆ చీరలన్నిటినీ ఒక్క బొంతగా కుట్టుకుని తిరిగొస్తే? ఆ సరదా కోసమే ఈసారి జహీరాబాద్ దారి పట్టాం.

అమెరికాలో ఉంటున్న మన ఆడపడుచులను అడగండి, 'క్విల్టింగ్ రిట్రీట్' అంటే ఏంటో చెబుతారు. పదిమంది స్నేహితురాళ్లు కుట్టుమిషన్లు పట్టుకుని ఊరవతల ఓ విడిదికి చేరతారు. వంటావార్పూ లేకుండా మూడు నాలుగు రోజులు గుడ్డముక్కలు కలిపి కుడుతూ, కబుర్లు చెప్పుకుంటూ గడిపేస్తారు. అక్కడ బొంతకున్న మర్యాద అంతాఇంతా కాదు. కెంటకీ రాష్ట్రంలోని పడూకా అనే చిన్న ఊళ్లో 1991లో బొంతల కోసమే ఓ మ్యూజియం తెరిచారు. 2013లో యునెస్కో ఆ ఊరిని సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. అలబామాలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి మహిళలు చిరిగిన పని బట్టలతో, పాత చొక్కాలతో చలి కాచుకోవడానికి కుట్టుకున్న బొంతలు 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదా మెరిశాయి.

మరి మన దగ్గరో! పొత్తు ప్రభుత్వం వస్తే 'అతుకుల బొంత' అని పత్రికల్లో మేమే వెక్కిరిస్తాం. జంట కుదిరితే 'గంతకు తగ్గ బొంత' అని నవ్వుకుంటాం. బొంతకు మన భాషలో దక్కిన గౌరవం ఇంతే. కానీ తెలుగిళ్లలో పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది ఆ బొంత మీదే కదా.

చలిసీమ... ఎర్రనేల

ఊరి పేరు వినగానే నవ్వొచ్చిందా? బస్సులో టికెట్ అడిగినప్పుడు పక్క సీటావిడ కూడా నవ్వింది. మొగుడంపల్లి ఒకప్పుడు జహీరాబాద్ మండలంలోని గ్రామం. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఓ మండల కేంద్రమైంది. ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటకే. రోడ్డుకు అటూఇటూ ఎర్రమట్టి, చెరకు తోటలు, కంది చేలు, మధ్యమధ్య తండాలు. టీకొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ... నాలుగు భాషలు చెవిన పడతాయి.

ఇక్కడే ఎందుకంటారా? మొదటి కారణం చలి. పక్కనున్న కోహీర్ పేరు చలికాలంలో రాష్ట్రంలోని కనిష్ఠ ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ కనిపిస్తుంది. పుష్యమాసంలో ఇక్కడ ఉత్త దుప్పటితో తెల్లవారదు. రెండో కారణం ఇక్కడి ఆడవాళ్ల దాచే గుణం. ఈ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు కొర్రలు, సామలు, పాత జొన్న రకాల విత్తనాలు బుట్టల్లో భద్రంగా దాచుకున్నారు. సంక్రాంతి రోజుల్లో వాటిని ఎడ్లబండ్ల మీద ఊరేగించే పాత పంటల జాతర పేరు మీరూ వినే ఉంటారు. పాత విత్తనాన్ని పారేయని చేతులు పాత చీరను పారేస్తాయా!

సంచి సర్దుకోవడమే అసలు పని

బొంత కుట్టుకు బయల్దేరేటప్పుడు సూదీ దారం గురించి కంగారు పడక్కర్లేదు. అవి జహీరాబాద్ బజార్లో దొరుకుతాయి. దబ్బనం కంటే సన్నగా, మామూలు సూది కంటే పొడుగ్గా ఉండేది అడగండి. దారం మాత్రం ముతక నూలుదే తీసుకోవాలి. కష్టమంతా చీరల దగ్గరే. మా ఇంట్లో అయితే రెండు సాయంత్రాలు పట్టింది. 'ఇది నీ పురుడికి కట్టుకున్నది', 'ఇది మీ మేనమామ మొదటి జీతంతో కొన్నది' అంటూ మా అమ్మ ఒక్కో చీరా తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టేసేది. చివరికి ఆరు చీరలు బయటికొచ్చాయి.

నూలుదో కాదో తేల్చుకోవడానికి చిట్కా ఒకటుంది. చీర చివర్నుంచి ఒక పోగు లాగి, నిప్పు చూపించండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి, నల్లటి గట్టి పూసలా ముద్దకడుతుంది. పోగు పూస కడితే ఆ చీరను ఇంట్లోనే వదిలేయండి. తీసుకెళ్లే వాటికి ఫాల్ విప్పేయాలి, జరీ అంచు కత్తిరించేయాలి, గంజి పూర్తిగా వదిలేలా వేణ్నీళ్లలో ఉతకాలి. గంజి మిగిలితే సూది దిగదు. మరీ జీర్ణమైన చీరలు పైకి పనికిరావు గానీ లోపలి పొరలకు బంగారం!

కాలం కూడా చూసుకోవాలి. పంట ఇంటికొచ్చాక, తొలకరికి ముందు... అంటే ఉగాది దాటాక వెళ్లాలి. నాట్లప్పుడో కోతలప్పుడో వెళ్లి బొంత కుట్టమంటే ఎవరికి తీరుతుంది?

వేపచెట్టు కింద నాలుగు రోజులు

మాకు నేర్పడానికి ఒప్పుకున్నవారు నలుగురు. అందరిలోకీ పెద్దావిడను ఊరంతా అవ్వ అనే పిలుస్తుంది. సంచి విప్పగానే ఆమె చూపు రంగుల మీదకు పోలేదు. ఒక్కో చీరనూ వేళ్ల మధ్య నలిపి చూసి, 'మంచిగ మెత్తవడ్డయ్ బిడ్డా' అంది. మనం పాతబడ్డాయనుకునేదాన్ని ఆమె మెత్తబడ్డాయంటుంది.

ఐదున్నర మీటర్ల చీరను నడిమికి కోసి, రెండు ముక్కల అంచులూ కలిపి కుడితే రెండు మీటర్ల పైచిలుకు వెడల్పున ఒక పొర తయారవుతుంది. ఇద్దరు హాయిగా కప్పుకోవచ్చు. అలికిన వాకిట్లో మొదటి పొర పరిచి, మూలల్లో రాళ్లు పెట్టారు. దాని మీద ఇంకోటి, ఆపైన ఇంకోటి. ప్రతి పొరనూ నలుగురూ నాలుగు వైపుల నుంచి లాగి, ముడతలన్నీ అరచేతులతో తుడిచారు. లోపల ఒక్క ముడత ఉండిపోయినా పడుకున్నవాళ్ల వీపుకు ఏళ్ల తరబడి గుచ్చుకుంటుందట. ఆ తర్వాత పొరలు కదలకుండా అక్కడక్కడా పెద్దపెద్ద టాకాలు వేసి, అప్పుడు మొదలుపెట్టారు అసలు కుట్టు.

కుట్టు అంచు నుంచి మొదలై లోపలికి పోతుంది. చుట్టూ ఒక వరస, దానికి వేలెడు దూరంలో ఇంకో వరస. అందరూ తలో వైపున కూర్చుని, కుట్టిన కొద్దీ ముందుకు జరుగుతూ బొంత మీదికే ఎక్కేస్తారు. సూది గుచ్చుకోకుండా వేలికి గుడ్డపీలిక చుట్టుకోవాలి. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా నడుము పట్టేస్తుంది, చూపుడువేలు మండుతుంది. కొత్తవాళ్ల వరస ఎలాగూ వంకరగానే వస్తుంది. దాన్ని ఎవరూ విప్పరు. 'ఉండనీయ్, గది నీ గుర్తు' అంటారు.

పొద్దున్నే రెండు గంటలు, ఎండ దిగాక మళ్లీ చీకటి పడేదాకా పని. నడుమ జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు, ఓ కునుకు. కబుర్లకు కొదవ లేదు. చెరకు ఫ్యాక్టరీ బకాయిలు మొదలుకుని కోడళ్ల సెల్‌ఫోన్ల దాకా సాగుతూనే ఉంటాయి. సరిహద్దు అవతలికి ఆడపిల్లనిచ్చిన ఒకావిడ దీన్ని 'కౌది' అంటుంది. కన్నడంలో అదే మాట. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్న మన దేశపు జనం, ఇలాగే అంచు నుంచి నడిమికి కుడతారు. చివర్లో నాలుగు మూలలకూ గుడ్డను త్రికోణంగా మడిచి 'పూలు' పెడతారు. అవి లేకపోతే బొంతకు నిండుదనం రాదంటారు. ఆ మాట చెప్పగానే అవ్వ మా బొంత మూలలు నాలుగూ ఓసారి చూసుకుని, 'మనవి సాదా మూలలే. నిద్ర గిట్ల గూడ వడ్తది' అని తేల్చేసింది!

ఆరో చీర

మూడోరోజు తేలిన సంగతేంటంటే... మా బొంతకు ఐదు చీరలే చాలు. ఆరోది, మా అమ్మ పురుటి చీర, మిగిలిపోయింది. దాన్ని మడిచి సంచిలో పెడుతుంటే అవ్వ మొహమాటం లేకుండా అడిగేసింది. 'మనుమరాలు నీళ్లాడింది బిడ్డా. పసిదానికి చిన్న బొంత కుట్టాలె. ఇంట్ల నూలు చీరె ఒక్కటి లేదు.'

ఊరందరికీ బొంతలు కుట్టిపెట్టిన మనిషి ఇంట్లో నూలు చీర లేదా? ఆమె పెట్టె తెరిచి చూపించింది. అందులో రంగురంగుల చీరలు. అన్నీ పాలిస్టర్‌వే. ఖరీదు తక్కువ, త్వరగా ఆరతాయి, ఏళ్లపాటు చిరగవు. పొలం పనికి ఇంతకంటే ఏం కావాలి? 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన సిరిసిల్ల బతుకమ్మ చీరలూ ఎక్కువగా ఆ దారంతో నేసినవే. కట్టుకోవడానికి బాగానే ఉంటాయి. బొంతకు మాత్రం పనికిరావు. పొర మీద పొర నిలవదు, జారిపోతుంది. చెమట పీల్చదు. పసివాళ్ల తడి అసలే పీల్చదు. బజార్లో దొరికే రగ్గులే బొంతను తరిమేశాయని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. ఈ పెట్టె చూశాక అనిపించింది, సూది పట్టే చేతులు ఇంకా ఉన్నాయి, కరువైంది పాత నూలు చీరే. నూలు చీర కట్టుకోవడం పట్నంలో ఫ్యాషనైంది, పల్లెలో భారమైంది.

అమ్మకు ఫోన్ చేశాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత 'అడిగి తీసుకుంటోంది కదా, పారేయదులే. ఇచ్చెయ్' అంది. సాయంత్రానికల్లా ఆ చీర నాలుగు పొరలై వాకిట్లో పరుచుకుంది. పసిదాని బొంత కాబట్టి కుట్లు మరింత దగ్గరగా వేశారు. అది మా బొంత కంటే ముందే పూర్తయింది కూడా.

వెళ్లాలనుకుంటే...

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులు పుష్కలం. వికారాబాద్ మీదుగా రైలు మార్గమూ ఉంది. బస జహీరాబాద్‌లో చూసుకుని, పొద్దున్నే మొగుడంపల్లి చేరడం నయం. దారిలో ఝరాసంగం వైపు మళ్లితే కేతకీ సంగమేశ్వరుణ్ని దర్శించుకోవచ్చు.

అక్కడ బోర్డు పెట్టుకుని నేర్పేవాళ్లెవరూ ఉండరు. తెలిసినవాళ్ల ద్వారా ముందే మాట్లాడుకోవాలి. కూలి మాట మొదటిరోజే తేల్చుకోండి. మన సరదా కోసం వాళ్లు నాలుగు రోజుల పని మానుకుంటారు కాబట్టి, ఆ ఊళ్లో ఆ రోజుకు నడుస్తున్న కూలి కంటే తక్కువ ఇవ్వడం న్యాయం కాదు. ఇంట్లో నూలు చీరలు ఎక్కువుంటే రెండు అదనంగా పెట్టుకోండి, అడిగేవాళ్లుంటారు.

తిరిగొచ్చాక బొంతను వాషింగ్ మెషీన్‌లో వేయకండి. కుట్లు తెగుతాయి, మెషీన్ కూడా తట్టుకోలేదు. ఏడాదికోసారి మంచి ఎండ చూసి, సబ్బునీళ్లలో నానబెట్టి, కాళ్లతో తొక్కి ఉతికితే చాలు. పిండడానికి మాత్రం ఇద్దరుండాలి.