అతుకు కనబడని రంగు

అద్దెకిచ్చే ఇంటికి రంగు వేయించడంలో ఓనర్లు రెండు రకాలు. ఒకరు షేడ్ కార్డు తిరగేసి తిరగేసి, హాల్లో టీవీ వచ్చే గోడకు ముదురు మెరూనో నెమలికంఠం నీలమో ఎంచుతారు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ఆ గోడకే పడిపోయి అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెడతారని వాళ్ల ఆశ. రెండోవారు దొరికినవాటిలో చవకైన డిస్టెంపర్ ఒక్క కోటు లాగించి టులెట్ బోర్డు తగిలిస్తారు. ఇద్దరి చూపూ మనుషులు దిగే రోజు మీదే. ఏడాది దాటితే అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ చేయించాల్సి వస్తుందనే లెక్కతో మన దగ్గర చాలా ఇళ్లు 11 నెలల కాగితం మీదే నడుస్తాయి. అలాంటి ఇంట్లో రంగు బండారం బయటపడేది సామాను లారీ ఎక్కాక. గోడ పాడైన చోట మాత్రమే బ్రష్షు పెట్టి, పెట్టిన సంగతి తెలియకుండా చేయగలిగితే అదే అద్దె ఇంటికి తగిన రంగు. నా మటుకు అందం, వాస్తు, ఫ్యాషను అన్నీ దాని వెనకే.

ఎందుకంటే గోడ మొత్తం ఒకేసారి పాడవదు. మంచం తలాపున, ఆనుకుని కూర్చునే ఎత్తులో, తలనూనె మరక గుండ్రంగా దిగుతుంది. స్విచ్ బోర్డు చుట్టూ వేళ్ల జిడ్డు. తలుపు విసురుగా తెరుచుకున్నప్పుడల్లా గడియ కొట్టుకుని దాని వెనక ఒక గుంట. క్యాలెండరు తీస్తే ఆ మేరకు గోడ తెల్లగా మిగిలి, తక్కినదంతా ఎంత మాసిందో చాడీ చెబుతుంది. పిల్లలుంటే నడుము ఎత్తు దాకా పెన్సిలు గీతలు సరేసరి. ఇవన్నీ పోగేసినా ఒక చాప పరిచినంత జాగా ఉండదు. ఆ కాస్తకే లప్పం పెట్టి, సాండ్ పేపరు రుద్ది, రంగు అద్ది సరిపెట్టాలంటే గోడ లేత రంగుదై ఉండాలి, మెరుపు లేనిదై ఉండాలి. ముదురు రంగు ఎండ తగిలే చోట వెలిసిపోతుంది. రెండేళ్ల తర్వాత అదే నంబరు చెప్పి మెషీన్లో కలిపించి తెచ్చినా పాతదాని పక్కన కొత్తది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మెరిసే ఎమల్షన్‌తో మరో చిక్కు. కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడగానే అతుకు అంచు, గోడ వంకర అన్నీ పైకి తేలతాయి. మ్యాట్ ఎమల్షన్ వాటిని తనలో కలిపేసుకుంటుంది.

లేత రంగు ఇట్టే మాస్తుంది కదా అంటారు. మాట నిజమే, మరక కనబడుతుంది. అయితే ముదురు రంగు మరకను దాస్తుందన్నది సగం భ్రమ. బీరువా జరిపినా సూట్‌కేసు రాసుకున్నా దాని మీద తెల్లటి చారలు పడతాయి. చెమ్మ ఎక్కే గోడైతే ఉప్పు పొర తేలి, మెరూన్ మీద పిండి చల్లినట్టు దూరానికే తెలిసిపోతుంది. పైగా రేపు దాన్ని మార్చాలంటే ప్రైమరు వేశాక కూడా రెండు మూడు కోట్లు పడితే గానీ అడుగు రంగు ఓడదు. వెలుతురు సంగతి సరేసరి. పక్కింటికీ మనింటికీ మధ్య మూడడుగుల సందు మిగిల్చి కట్టుకున్న కాలనీల్లో లేత గోడ తన మీద పడ్డ వెలుగులో నూటికి డెబ్భై పాళ్లకు పైనే గదిలోకి తిప్పి పంపుతుంది. ముదురు మెరూన్ పదిపాళ్లు పంపినా గొప్పే. పట్టపగలు ట్యూబులైటు వేసుకునే ఇంటికి అద్దె పెంచి అడగడానికి ఏ ఓనరుకైనా నోరు రావాలి.

మరీ తెల్లగా ఉంటే ఆసుపత్రిలా ఉండదా? ఉంటుంది. అందుకే పచ్చి తెలుపు కాకుండా, చిటికెడు పసుపు కలిసిన ఐవరీ మేలు. కూల్ వైట్ ఎల్ఈడీ లైట్ల కింద అచ్చ తెలుపు నీలంగా, చలిగా కనిపిస్తుంది. సున్నం రోజుల్లో ఆ నీలాన్ని కోరి, నీలిమందు కలిపి మరీ తెచ్చుకునేవారు. అప్పుడు సంక్రాంతికో పెళ్లికో ఇల్లంతా మళ్లీ సున్నం కొట్టేవారు కనుక అతుకుల బెంగ లేదు. ఎమల్షన్‌కు ఆ వెసులుబాటు లేదు.

వంటిల్లు మాత్రం ఈ లెక్కకు లొంగదు. పోపు పొగ, నూనె తుంపర రోజూ గోడకెక్కే చోట అతుకు కన్నా తుడుపు ముఖ్యం. అక్కడ టైల్సుకు పైన తడిగుడ్డకు ఓర్చే మెరుపు రంగే వేయాలి.

ఓనర్లు వేసే అసలు ప్రశ్న ఇంకొకటుంది: ఎలాగూ ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరిట నెల అద్దె పట్టుకుంటాం, ఇంత ఆలోచన దేనికి? ఈ ఆచారానికి చట్టం మద్దతు అంతంతమాత్రమే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, గోడల వెల్లనూ తలుపులు కిటికీల రంగునూ ఓనరు ఖాతాలోనే వేసింది. రాష్ట్రాలు తీసుకుంటేనే అమలు, అది వేరే మాట. చట్టం పక్కన పెట్టినా, ఒక నూనె మరకకు ఇల్లంతటి ఖర్చు రాబట్టడం న్యాయం కాదు. అతుకు వేయగలిగే గోడ ఉంటే ఎవరు పాడుచేసిన జాగాకు వాళ్లే డబ్బు కట్టమనొచ్చు, పేచీ ఉండదు. ఓనరుకూ లాభమే: ఇల్లంతా రంగు వేయించడానికి పట్టే రోజుల్లో అద్దె రాదు, అతుకు పని పూటలో అయిపోతుంది.

తమకిష్టమైన రంగు ఒక గోడకైనా వేసుకుంటామనే కుర్రజంటలుంటారు. వెళ్లేటప్పుడు మళ్లీ ఐవరీ చేసి వెళ్లాలని రాయించుకుని ఒప్పుకోవచ్చు. అందుకు ఐవరీ కంపెనీ పేరు, షేడు నంబరు, మ్యాటో మెరుపో, అగ్రిమెంటులోనే ఒక వాక్యం రాసి, మూత బిగించిన లీటరు డబ్బా సజ్జ మీద ఉంచితే చాలు. గడప రంగు గురించి మాత్రం ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఏ రంగు వేయించినా వచ్చే శుక్రవారానికి దాని మీద పసుపు ఎక్కుతుంది కాబట్టి, ముందే పసుపు ఎనామిల్ కొట్టించడం తెలివి.