దంతాలపల్లిలో జీరో టికెట్

పేరు విని నవ్వకండి! దంతాలపల్లిలో పళ్ళ డాక్టర్లెవరూ ఎదురొచ్చి పలకరించరు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద, తొర్రూరు దాటాక, మరిపెడ రాకముందు తగిలే ఊరు. సూర్యాపేట దారి కూడా ఇక్కడే కలుస్తుంది. 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. షూటింగులూ, స్టార్లూ గట్రా ఏమీ లేవు. మరి సినిమా పత్రికలో ఈ ఊరి గోలేమిటంటారా? అక్కడికే వస్తున్నా.

మా ఆవిడ అక్కడి దగ్గర్లో టీచరు. మూడేళ్ళ మా అమ్మాయి అమ్మమ్మ ఇంట్లో పెరుగుతోంది. నేను హైదరాబాదులో వ్యాసాలు రాసుకుంటూ, వీలైన శనివారం బస్సెక్కే బాపతు. మొన్న మాఘంలో వెళితే అమ్మాయి తాత పంచె వెనక నుంచి తొంగి చూసి, "ఫోన్ల డాడీ వచ్చిండు" అంది! అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు మామయ్య మిరపకల్లానికి తీసుకెళ్ళారు. ఎండలో పరిచిన కాయలు, కళ్ళు చెదిరే ఎరుపు! ఏ ఆర్ట్ డైరెక్టరూ వెయ్యలేని సెట్టింగు. ఘాటుకి నేను వరసగా ఏడు తుమ్ములు తుమ్మాను. ఒక్కో తుమ్ముకీ అమ్మాయి ఒక్కో అడుగు దగ్గరకొచ్చింది. ఏడో తుమ్ముకి నా మోకాలు పట్టుకుని, "మల్లొక్కటి!" అంది. లేని తుమ్ములు ఇంకో నాలుగు తుమ్మాను. అంతకన్నా బాగా ఎప్పుడూ నటించలేదు లెండి!

ఆ ఊపులో ముగ్గురం మరిపెడ బస్సెక్కాం. మరిపెడ నుంచి ఆటోలో చిన్నగూడూరు పోదామని నా ప్లాను. దాశరథి కృష్ణమాచార్య పుట్టిన ఊరది. 1925 జూలై 22న పుట్టి, నిజాం జైల్లో గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన ఆ మహాకవే 1961లో 'వాగ్దానం'తో సినిమా పాటల్లోకి వచ్చాడు. తమ్ముడు రంగాచార్యదీ అదే ఊరు. ఆయన నవల 'చిల్లర దేవుళ్ళు' సినిమా అయింది. ఒక్క పల్లె మన వెండితెరకి ఇద్దర్నిచ్చిందంటే చిన్న సంగతా!

బస్సులో అసలు కథ మొదలైంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సు ఉచితం కదా. కండక్టరు మా ఆవిడకి జీరో టికెట్టు కొట్టాడు. నాకు డబ్బుల టికెట్టు. అయిదేళ్ళ లోపు పిల్లలకి అసలు టికెట్టే లేదు. "నాదేది?" అని అమ్మాయి పేచీ. చివరికి అమ్మ టికెట్టు లాక్కుని, మడిచి గౌను జేబులో పెట్టుకుంది.

చిన్నగూడూరులో పెద్దవాళ్ళని నాలుగు ప్రశ్నలడుగుదామని నోటుబుక్కు తీశాను. అమ్మాయి ఓ కోడి వెంట పడింది. వెనక పదకొండు పిల్లలు. వాటిని లెక్కపెట్టే పని నాకప్పగించింది. అవి ఒకచోట ఉంటేగా! నా నోటుబుక్కులో ఆ పేజీ నిండా అంకెలే. తిరుగు బస్సులో నా భుజం మీద నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా కదపలేదు.

సోమవారం తెల్లవారుజామున నన్ను సాగనంపడానికి మామయ్య, ఆవిడా స్టాండుకి వచ్చారు. నేనెక్కి కూర్చోగానే తాత చంకలోంచి జారి అమ్మాయి కూడా ఎక్కేసింది! "దిగు బిడ్డా, డాడీ పోవాలె" అని తాత కింద నుంచి బతిమాలుతున్నాడు. అది వింటేగా! జేబులోంచి నలిగిన కాగితం తీసి కండక్టరు ముందు పెట్టింది.

"నాకు టికెట్టున్నది!"

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నిన్నటిదమ్మా" అన్నాడు.

"అయితే ఇయ్యాల్టిది ఇయ్యి."