బండి మీద వెళ్దామా, బండిని ఎక్కించి వెళ్దామా?



జగ్గయ్యపేట నుండి నందిగామకు సుమారు 30 కిలోమీటర్ల దారి. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి అని పిలిచిన ఈ రోడ్డుకు ఇప్పుడు 65వ నంబరు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమని పెద్దల నాటి నుండి చెప్పుకొనే ఈ ఊళ్ళు కూడా 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలోనికి వచ్చినవి. పేర్లు మారినా దారి అదే. ఈ దారి మీద ఇటీవల మేము ఒక కొత్త సంగతి చూస్తున్నాము. నవంబరు వచ్చేసరికి పెద్ద పెద్ద మోటారు సైకిళ్ళు, వెనుక సంచులు కట్టుకొని, గుంపులుగా హైదరాబాదు వైపు సాగిపోతుంటాయి.

వీరిలో కొందరు గోవా మేళాకు పోయేవారు. అక్కడ వాగతోర్ అనే చోట రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీవారు రైడర్ మేనియా పేరుతో జరిపిన మేళాకు 2023లో మోటోవర్స్ అని పేరు మార్చారు. 2013లో గోవాలోనే ఇండియా బైక్ వీక్ అనే మరొక మేళా మొదలైంది. వెనుకటి రోజులలో మన పల్లెలవారు తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని పోయినట్లే, ఇప్పుడు దేశము నలుమూలల నుండి బుల్లెట్లు కదులుతున్నాయి.

మా సంఘ యౌవనస్థులలో నలుగురికి కూడా ఆ కోరిక పుట్టింది. జగ్గయ్యపేట నుండి గోవాకు 800 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడే వారికి పేచీ వచ్చింది. ఇద్దరు, "బండిని నడపడానికి కొన్నాము గాని మోయించడానికా అయ్యగారూ? లారీలో వేసుకొని పోతే అక్కడ నవ్వుతారు" అన్నారు. తక్కిన ఇద్దరు, "మాకు శెలవు నాలుగు రోజులే. రోడ్డు మీదనే అది అయిపోతే మేళా చూసేదెప్పుడు?" అన్నారు.

ఈ తగాదా మన దగ్గర పుట్టినది కాదు. అమెరికాలో స్టర్గిస్ అనే చిన్న పట్టణములో 1938 నుండి మోటారు సైకిళ్ళ మేళా జరుగుతున్నది. 2015లో 7 లక్షలమందికి పైగా వచ్చారని అక్కడి లెక్క. బండి నడుపుకొని వచ్చినవారు, ట్రైలరు మీద తెచ్చుకొన్నవారిని అక్కడా ఎగతాళి చేస్తూనే ఉంటారు.

మన రైళ్ళలో కూడా బండిని పంపవచ్చును. మనము ఎక్కే రైలులోనే లగేజిగా వేయవచ్చును. టిక్కెట్టు లేకపోయినా పార్సిలుగా పంపవచ్చును. ఆర్.సి. కాగితము, గుర్తింపు కార్డు చూపాలి. టాంకులో పెట్రోలు పూర్తిగా తీసివేయాలి. గోనెసంచులు చుట్టి గట్టిగా కట్టించాలి. వాస్కోడగామా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయవాడ మీదుగానే వెళ్తుంది.

బండ్లు రైలులో వేయదలచినవారితో మేము నందిగామ వరకు వెనుక కూర్చొని వెళ్ళాము. జగ్గయ్యపేట ఎంత పాత మజిలీయో ఆ ఊరి ధనంబోడు గుట్ట చెప్తుంది. 1882లో బర్జెస్ దొర అక్కడి బౌద్ధ స్తూపమును త్రవ్వించాడు. ఆ స్తూపము దగ్గరకు వచ్చిన ఆనాటి యాత్రికులకు కాళ్ళే వాహనము. చిల్లకల్లు టోలుగేటు దగ్గర మోటారు సైకిలుకు రుసుము లేదు. అదే బండిని లారీ ఎక్కిస్తే లారీకి కట్టాలి. మా కుర్రవాళ్ళు దీనికే నవ్వుకొన్నారు.

బండి మీద పోతే ఊరు దగ్గరగా తెలుస్తుంది. నల్లరేగడిలో పత్తి తీసే కూలీల మాటలు వినబడతాయి. మిరప చేలకు కొట్టిన మందు వాసన తగులుతుంది. బస్సు అద్దములో నుండి ఇదంతా జారిపోతుంది. అయితే బండి మీద కూర్చొన్నవానికే మరికొన్ని కూడా కనబడతాయి. జయంతిపురము సిమెంటు లారీలు, పక్కలకు పొంగిన పత్తి లోడ్లు, వెనుక దీపము లేని ట్రాక్టర్లు, ఎదురు దారిలో వచ్చే స్కూటర్లు. నందిగామ దాటితే ఐతవరము. 2023 జూలైలో మున్నేరు పొంగి అక్కడ హైవే మీదికే నీళ్ళు వచ్చి రాకపోకలు ఆగిపోయినవి.

2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయారని ప్రభుత్వము ప్రకటించింది. ప్రతి వందమందిలో 44 మందికి పైగా ద్విచక్ర వాహనముల మీద వెళ్ళినవారే. ఈ దారి మీద పోయిన బిడ్డల సమాధి కార్యక్రమములు మేమును జరిపించాము. ఆ తల్లుల ఏడుపు విన్నవారికి ఇది అంకెల సంగతి కాదు.

మా పరిశీలనలో ప్రమాదమును తెచ్చేది దూరము మాత్రమే కాదు, తక్కువ శెలవు. సోమవారము పనిలో చేరాలని ఆదివారము రాత్రంతా నడిపేవానికి కునుకు పడుతుంది. అందుకే వారితో, "ఎవరు మగవాడు అని కాదు నాయనా, ఎవరికి ఎన్ని రోజులున్నవి అని లెక్క వేయండి" అన్నాము. ఒంగోలు గిత్తలను బండలాగుడు పందాలకు ఇప్పుడు లారీలలో తెస్తున్నారు. బలము పందెములో చూపాలి గాని దారిలో పోగొట్టుకోకూడదని రైతుకు తెలుసు. లారీ దిగింది గనుక అది గిత్త కాదని ఎవరూ అనరు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములోని ప్రయాణము కూడా వారికి గుర్తు చేశాము. త్రోయ నుండి అస్సుకు తక్కినవారు ఓడ మీద వెళ్ళారు. పౌలు కాలినడకను వెళ్ళాడు. అస్సులో కలిసికొని అందరూ ఒకే ఓడలో సాగిపోయారు. నడిచినవాడు ఓడ ఎక్కినవారిని చులకన చేసినట్లు అక్కడ లేదు.

చివరకు నాలుగు రోజులవారు విజయవాడలో బండ్లు రైలులో వేశారు. పది రోజుల శెలవున్నవారు గరికపాడు దాటి హైదరాబాదు దారి పట్టారు. ప్రొద్దు గూకకముందే ఆగుతామనియు, ప్రతి మజిలీ నుండి ఇంటికి ఫోను చేస్తామనియు తల్లులకు మాట ఇచ్చి వెళ్ళారు. నలుగురూ గోవాలో కలిసికొని, నలుగురూ క్షేమముగా ఇంటికి వచ్చారు.

తలిదండ్రులారా, మీ ఇంటిలో ఇటువంటి కోరిక పుడితే వెంటనే కోపపడవద్దు. ఎన్ని రోజుల శెలవు, రాత్రి ఎక్కడ ఆగుతారు, హెల్మెట్ ఉన్నదా అని అడగండి. యౌవనస్థులారా, రోజులు చాలకపోతే బండిని ఎక్కించి పంపండి. అది సిగ్గుపడవలసిన పని కాదు. రోజులున్నప్పుడు పగటి వేళ నెమ్మదిగా నడుపుకొంటూ వెళ్ళండి, మన నేలను కళ్ళారా చూడండి.