సెరంగూన్ రోడ్డులో మన నేత చీరలు

సింగపూరులో లిటిల్ ఇండియా రైలు స్టేషను నుండి పైకి రాగానే మల్లెపూల వాసన, తమిళ మాటలు, మసాలా ఘాటు ఒక్కసారిగా ఎదురవుతాయి. పక్కనే టెక్కా సెంటరు. అక్కడి చీనావారి మాటలో ఆ పేరుకు వెదురు మొదలు అని అర్థమట. ఒకప్పుడు ఆ కాలువ గట్టున వెదురు పొదలు ఉండేవి. 1982లో తెరచిన ఈ భవనంలో కింద చేపలు, మాంసము, కూరగాయలు, భోజనాల అంగళ్లు. పై అంతస్తున బట్టల కొట్లు, దర్జీలు. బయటకు వస్తే సెరంగూన్ రోడ్డు వెంట మళ్లీ బట్టల కొట్లే. ఆదివారం అక్కడ కాలు పెట్టే సందు ఉండదని మా మరదలు ముందే చెప్పింది. ఆదివారం మేము ఎలాగూ వెళ్లము కదా! మంగళవారం ఉదయం మేము దంపతులము, ఆమె కలిసి బయలుదేరాము.

పని రెండు విధాలు. ఆమె వెళ్లే తెలుగు సహవాసంలో క్రిస్మస్ పాటలు పాడే స్త్రీలు 12 మందికి ఒకే తీరు చీరలు కావాలి. రెండవది, మా సంఘంలో మంగళగిరి రకం నేసే కుటుంబాలవారు "మన చీర అక్కడ ఎంతకు పోతున్నదో కనుక్కొని రండి అయ్యగారూ" అని మాకు అప్పగించిన పని.

మొదటి కొట్టులో "పోచంపల్లి" అంటూ ఒక కట్ట ముందు వేశారు. ఒక్కొక్కటి 25 డాలర్లు. రంగులు కంటికి ఇంపుగానే ఉన్నాయి. మా శ్రీమతి మాట్లాడకుండా చీర తిరగవేసి చూసింది. వెనుకవైపు వెలవెలబోయి ఉంది. అది అచ్చు గుడ్డ. నిజమైన పోచంపల్లికి నేసిన తరువాత రంగు అద్దరు. నేయకముందే నూలును చిటికి కట్టి, కట్టిన చోట రంగు అంటకుండా ముంచి తీస్తారు. అందుచేత బొమ్మ రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, దాని అంచులు కొద్దిగా చెదిరినట్టు కనబడతాయి. ఆ చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక చీరకు నూలును మేకుల చుట్టూ సుమారు 9,000 సార్లు చేతితో అటూ ఇటూ తిప్పాలి. ఆ పనితో తల్లి భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంత ప్రయాస ఉన్న పేరును అచ్చు గుడ్డకు తగిలించడం మాకు కష్టంగా తోచింది. కొట్టు కుర్రవాడిని అని లాభం లేదు. సంచి మీద ఉన్నదే అతడు చదివాడు.

మంగళగిరి చీర నాలుగో కొట్టులో దొరికింది. నిజాం అంచు, ఒళ్లంతా సాదా. అంచు వెంట సూది గుచ్చినట్టు సన్నని రంధ్రాలు ఉన్నాయి. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా అడ్డంగా బిగించే కర్ర చేసిన గుర్తు అది. ధర 95 డాలర్లు. మన లెక్కలో సుమారు ఆరు వేలు. అటువంటి చీర మా ఊళ్లో రెండు వేలకు దొరుకుతుంది, అందులో నేతగాని మజూరీ ఎంత తక్కువో మేము ఎరుగుదుము. అయినా వ్యాపారిని దోపిడీదారు అనము. విమానం కిరాయి, కొట్టు అద్దె, 2024 నుండి నూటికి తొమ్మిది పన్ను, అన్నీ ఆ చీర మీదనే కదా.

ఇంతకూ చిక్కు ధర దగ్గర కాదు. ఆ 12 మందిలో నలుగురు ఇళ్లలో పనిచేసేవారు. నెల జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపుతారు. "బావగారూ, వాళ్లను 95 డాలర్లు పెట్టమని నేనెలా అడగను? నేత మంచిదే, ఆ అక్కలకు అచ్చు చీరే అందుతుంది" అన్నది మా మరదలు. తోచిన వారు ఎక్కువ వేసుకుందామంటే, తీసుకొనేవారు క్రిస్మస్ నాడు తలవంచుకొని నిలబడాలి. ఆమె మాట న్యాయమైనదే.

దర్జీ అంగడి ముందు బల్ల మీద కూర్చొని టీ తాగుతూ దీని గురించే మాట్లాడుకున్నాము. ఫిలిప్పీలో కూడుకొన్న స్త్రీలలో ప్రభువు హృదయం తెరచినది లూదియది. ఆమెది తుయతైర, పరాయి పట్టణంలో ఊదారంగు వ్యాపారం. మన తెలుగు బైబిలులో రంగు పొడి అని ఉన్నా, ఆ రంగు బట్టలని చెప్పే పండితులూ ఉన్నారు. ఎస్తేరు మొదటి అధ్యాయంలో షూషను కోటలో కట్టిన తెరల వర్ణనలో కర్పస్ అనే హెబ్రీ మాట ఉంది. అది మన కార్పాసమే, అంటే పత్తి. మన నూలు పేరు పరిశుద్ధ గ్రంథంలో ఉన్నదని చెబితే మా మరదలు కళ్లు పెద్దవి చేసింది.

దారి ఆ టీ దగ్గరే దొరికింది. చీరలు ఊళ్లోనే నేయించాలి. ఊరి ధరకైతే ఒక్కొక్కటి సుమారు 32 డాలర్లు, అచ్చు గుడ్డకు ఏడే ఎక్కువ. పన్నెండూ కలిపి ఏడు కిలోలకు మించవు. సెలవులకు వచ్చిపోయేవారి పెట్టెలో పడతాయి. బేరం మాత్రం ఆడకూడదని మా శ్రీమతి షరతు పెట్టింది. కొనేవాడు బాగులేదు, బాగులేదు అంటూ కొని, తరువాత గొప్పలు చెప్పుకొనే సంగతి సామెతల గ్రంథకర్తకు కూడా తెలుసు. అచ్చు గుడ్డ దగ్గర ఎంతైనా గీచి గీచి అడగవచ్చు గాని, మజూరీ దగ్గర అడగకూడదని మా అభిప్రాయం.

మావారివి గుంట మగ్గాలు. వానలు ముదిరితే గుంటలో నీరు ఊరి పని ఆగుతుంది, పడుగు చెడుతుంది. సాదా చీరకైనా రెండు మూడు దినాలు పడుతుంది. అందుచేత ఆగస్టు దాటకుండా నూలు రంగు వేయించాలని లెక్క వేసుకొన్నాము. రంగు ఏదన్న విషయంలోనే పన్నెండుగురూ ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఏడుగురు ఎరుపు అంటున్నారు, అయిదుగురు ఆకుపచ్చ.