మహబూబు చౌకులోని చిన్నచిలుకలు

హైదరాబాదు చూడబోయినవారు చార్మినారు నెక్కి, లాడుబజారులో లక్కగాజులు బేరమాడి మరలుట వాడుక. ఆ గాజుల యంగళ్ల వెంబడి పడమరగా కడవరకు నడచినచో మహబూబు చౌకు వచ్చును. 1892లో సర్ ఆస్మాన్‌జా కట్టించిన గడియారపు స్తంభ మచట గలదు. కోళ్లు, పావురములు, పంజరపు పక్షులు అమ్ముడుపోవుచోటు గనుక జనులు దానిని ముర్గీచౌకు అని పిలిచిరి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఆడుబిడ్డ కూతురు "అత్తా, నాకొక చిలుక కావలెను" అని పదిదినములు ప్రాణము తీయగా మేము మువ్వురము అచటికి పోతిమి. గాజుల గలగల వెనుకబడి, పక్షుల కిచకిచలు చెవిని పడుటయే దారి గుర్తు. మూరెడు పంజరములలో ఇరువదేసి చిన్నచిలుకలు, ఆకుపచ్చవి, నీలివి, తెల్లనివి, ఒకదాని నొకటి త్రోసికొనుచుండెను.

అంతలో నొక కుఱ్ఱవాడు దరిజేరి గంపమీది గుడ్డ తొలగించెను. లోపల ఈకలైన నిండుగా రాని రామచిలుక పిల్లలు మూడు మెడలు వ్రేలవైచి యుండెను. "పాపము, తీసికొందమా వదినా?" యని మా ఆడుబిడ్డ యడిగెను. ఆ జాలియే యా బేరమునకు పెట్టుబడి. ఒక గంప అమ్ముడుపోయినచో మఱునాడు మఱియొక చెట్టుతొఱ్ఱ ఖాళీ యగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరములే. గాలివానకు మన పెరటిలో పడి దొరికిన పిల్లనైనను అటవీశాఖవారికి ఒప్పగింపవలసినదే. మేము గంపను విడిచి ముందుకు నడచితిమి.

ఆ రంగురంగుల చిన్నచిలుకల మాట వేఱు. అంగళ్లలో వీనిని "లవ్‌బర్డ్సు" అందురు గాని, ఆ పేరుగల పక్షులు నిజమునకు ఆఫ్రికావి. ఇవి ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగారులు. జాన్ గూల్డు అను పక్షిశాస్త్రజ్ఞుడు భార్య ఎలిజబెత్తుతో 1838లో ఆస్ట్రేలియాకు పోయి, 1840లో మరలి వచ్చుచు వీనిని సజీవముగ ఇంగ్లండునకు తెచ్చెను. ఆయన గ్రంథములకు బొమ్మలు వ్రాసిన ఆ యిల్లాలు మరుసటి యేడే ప్రసవానంతరము మరణించినది. ఆయన పేరు లోకమంతట నిలిచినది. ఆమె పేరు తలచువారు తక్కువ.

ఆ ఖండపు నడిభాగమున వర్షము బహు స్వల్పము. ఈ పక్షులు గుంపులు గుంపులుగా వాన కురిసిన తావులను వెదకికొనుచు తిరిగి, పండిన గడ్డిగింజలను నేలమీద ఏరుకొని తినును. యూకలిప్టసు చెట్ల తొఱ్ఱలలో పిల్లలు పెట్టును. అడవిలో వీని రంగు ఆకుపచ్చయే. నీలము, తెలుపు మనుష్యుల పెంపకములో వచ్చినవి. పుట్టినింట గడ్డిగింజలు తిన్న జాతికి మనము పాలన్నము కలిపి పెట్టుట యెంత యనుచితమో దీనివలననే తెలియును. పక్షులకు పాలు జీర్ణము కావు.

అచట నొక ముదుసలి యంగడివాడు మంచి గుర్తులు చెప్పెను. లేతపిల్లకు నుదుటిమీద సన్నని చారలు ముక్కువరకు దిగియుండును; కన్ను నల్లపూసవలె నుండి చుట్టును తెల్లని వలయ ముండదు. మూడు నాలుగు మాసములకు తొలి ఈకలు రాలి ఆ చారలు పోవును. పిల్ల అయిదువారములకు గూడు విడిచినను మఱికొన్ని దినములు తండ్రియే దానికి నోటి కందించును. కావున, అది తానై గింజ నొలిచి తినుట కన్నులార చూచిన పిమ్మటనే కొనవలెను. ఆరు వారములు దాటనిదానిని, ఎంత చౌకగా నిచ్చినను, ముట్టవలదు.

ఇంటికి తెచ్చిన మొదటివారమే గండము. ఈ పక్షి గింజ నొలిచి పొట్టును గిన్నెలోనే విడుచును. చూచువారికి గిన్నె నిండుగానే కనుపించును. లోపల నున్నది వట్టి పొట్టు. నిండుగిన్నె యెదుట ఆకలితో చచ్చిన పిల్ల లెన్నియో! ఉదయము సాయంత్రము గిన్నెను నోటితో నూది పొట్టు పోగొట్టి క్రొత్తగింజలు పోయుడు. దినమునకు రెండు చిన్నచెంచాలు చాలును. కొర్రలు, వరిగలు, సామలు మన యంగళ్లలో దొరకునవే. క్రొత్త పిల్లకు కొర్రకంకిని కంకిగానే వ్రేలాడగట్టి, కొన్ని గింజలు పంజరపు నేలమీద చల్లిన బెదరుమాని తినును.

గింజలే తిన్న పక్షికి విటమిను ‘ఏ’ కొఱవడి శ్వాసరోగములు వచ్చును, కాలేయము క్రొవ్వుపట్టును. తోటకూర, మెంతికూర, కొత్తిమీర, క్యారెట్టు తురుము కడిగి కొలదికొలదిగా అలవాటు చేయవలెను. మూడు దినములు ముట్టకున్నను నాల్గవదినమున మరల పెట్టుడు. పసిబిడ్డకు పప్పుచారు అలవాటు చేయుట యిట్లే గదా! సముద్రపు నురుగు తునక యొకటి కట్టిన సున్నము లభించును. ఉప్పు, చాకొలేటు, కాఫీ, వెన్నపండు దరిజేరనీయరాదు. వెన్నపండు వీనికి విషము.

పంజరమును వంటయింట నుంచువారు కలరు, వెంటనే మాన్పించుడు. అంటుకొనని పూతగల పెనము మాడినపుడు వెలువడు వాయువు మనకు కానరాకున్నను చిలుకను నిమిషములలో చంపును. అగరువత్తి పొగయు మంచిది కాదు. తిరుగు పంకా క్రింద పక్షిని విడువరాదు.

పక్షి తన జబ్బును దాచును. బలహీనమైనదానిని వేటపక్షి యెన్నుకొనునన్న భయము దాని నెత్తురులో నున్నది. కనుక ఈకలు ఉబ్బించుకొని పగలెల్ల కునుకుచున్నను, ఊపిరితోపాటు తోక ఎగసిపడుచున్నను, పంజరపు నేలపై కూర్చున్నను రేపటివరకు ఆగరాదు. వెచ్చనిచోట నుంచి పశువైద్యునికడకు, వీలైనచో పక్షులు తెలిసినవానికడకు, తీసికొనిపోవలెను. ఎదిగిన పక్షి బరువు సుమారు 30 మొదలు 40 గ్రాములు. మా ఆడుబిడ్డ వారమున కొకసారి వంటయింటి త్రాసులో గిన్నె నుంచి దానిని తూచి, కాలెండరు మీద వ్రాయును. మూడు నాలుగు గ్రాములు తగ్గినచో, ఈకల మాటున కన్ను కనిపెట్టలేని సంగతిని ఆ అంకె ముందే చెప్పును.