కొలిమి కడ మాట

రాయపూరు నుండి భిలాయికి పోవు త్రోవలో కుమ్హారి యను పట్టణము కలదు. ఆ పేరు వినినంతనే తెలుగువానికి కుమ్మరి స్ఫురించుట సహజము. హిందీలోని ‘కుమ్హార్’, తెలుగులోని ‘కుమ్మరి’ రెండును సంస్కృత ‘కుంభకార’ శబ్దము నుండి పుట్టినవే. అయినను ఆ ప్రాంతమునకు పేరు తెచ్చినది కుమ్మరి ఆవము కాదు, భిలాయి ఉక్కు కర్మాగారము. భారత సోవియట్ ప్రభుత్వములు 1955 ఫిబ్రవరి 2న చేసికొన్న ఒడంబడికను అనుసరించి అది వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి ఊదుకొలిమిని ప్రారంభించిరి. దల్లీ రాజహరా గనుల నుండి ఖనిజమును, పలు రాష్ట్రముల నుండి జనమును అచటికి వచ్చి చేరిరి. ఆ జనములో తెలుగువారు కొలదిమంది కారు.

వారి తరువాతి తరమునకు చెందిన ఒక వృద్ధుడు కుమ్హారిలో కాపురముండును. శ్రీకాకుళపు పల్లెలో కమ్మరి ఇంట పుట్టి, పెద్ద కొలిమి కడ ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి పొందినవాడు. ఇంజనీర్లు ‘స్లాగ్’ అను పదార్థమును అతడు నేటికిని ‘చిట్టెము’ అనియే పిలుచును. తండ్రి కొలిమిలో నేర్చిన పేరది. చిట్టెము రంగును, పారు తీరును చూచి కొలిమి వేడిని అంచనా కట్టుట అతనికి అలవాటు. చిట్టెము నల్లబడినచో అందు ఇనుప ఆక్సైడు మిగిలిపోవుచున్నదనియు, కొలిమి చల్లబడుచున్నదనియు లోహశాస్త్రమును చెప్పును. అతని యెరుక మాత్రము ఏ నివేదికకును ఎక్కలేదు. ఏల యని పలుకరించినవారితో అతడు, “ఎవులడిగినారు బాబూ? అడిగితే సెప్పనా?” అనును.

విశ్వవిద్యాలయములకును పరిశ్రమలకును పొత్తు కుదురవలెనని నేడు అందరును పలుకుచున్నారు. భిలాయి పేరిట 2016లో ఐ.ఐ.టి. కూడ నెలకొన్నది. విద్యాపీఠము కర్మాగారమునకు ఇంత చేరువగా నుండుట మేలు. కాని పొత్తు అనగానే యంత్రములు, నిధులు, పేటెంట్ల పంపకము మాత్రమే తలంపునకు వచ్చుట లోపము. భాషాశాఖకు ఇందు పని యేమి యని ప్రశ్నించువారును కలరు.

ఆ ప్రశ్నకు తెలుగునాట సమాధానము ఏనాడో లభించినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించెను. అది వ్యవసాయ పదములకు సంబంధించినది. చేనేత పదముల సంపుటము 1971లో వెలువడెను. రైతులను, నేతగాండ్రను అడిగి, పనిముట్టునకు పనిముట్టు, పనికి పని పేరు వ్రాసికొనిన కృషి యది. దాని ఫలము నిఘంటువుతో ముగియలేదు. తెలుగునకు పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములను నాలుగు మాండలికముల విభజన ఆ వ్యవసాయ పదముల ఆధారముననే నిరూపింపబడినది. అనగా వృత్తివారి నోటి మాట శాస్త్రమునకు పెట్టుబడి అయినది.

అయితే ఆ పెట్టుబడికి ప్రతిఫలము రైతునకును నేతగానికిని ఎంతవరకు ముట్టినదని విచారింపక తప్పదు. కొత్త పొత్తులలో ఈ ఋణమును ముందుగానే గుర్తింపవలెను. కొలిమి కడ సేకరించిన పదములు గ్రంథాలయమున నిలిచిపోరాదు. అవి శిక్షణ పాఠములలోను, ప్రమాద సూచనలలోను కార్మికునికి తెలిసిన భాషలో తిరిగి రావలెను. అర్థముకాని హెచ్చరిక కరగిన ఇనుము చెంత నిలిచినవానికి అక్కరకు రాదు. చెప్పినవాని పేరు, అతని అనుమతితో, నివేదికలో ఉండవలెను. కర్మాగారము కొంత రహస్యముగా ఉంచదలచినచో దాని హద్దును పని మొదలిడుటకు ముందే వ్రాసికొనవలెను.

ఇందుకు కావలసిన వ్యయము స్వల్పము. లోహశాస్త్రము నెరిగిన యొక యువకుడు, మాండలికముల నెరిగిన యొక యువకుడు, ఇరువురును కలిసి కూర్చిన యొక ప్రశ్నావళి చాలును. వృద్ధుని వంటివారు కుమ్హారిలోను, భిలాయి వాడలలోను ఇంకను కొందరు కలరు. వారి యేండ్లు లెక్కింపదగినంతకు వచ్చినవి. పిలిచి అడుగుటకు ఇంతకంటె మంచి ముహూర్తము రాబోదు.